కమాను మీది బిరుదు

ద కు దీర్ఘం ఇచ్చాక దాని కొన కాస్త వంగాలి, వంగకపోతే అక్షరం లాఠీ పట్టుకుని నిలబడ్డట్టుంటుంది, రాజుగారి బిరుదే అయినా మరీ బిగించి రాస్తే పోలీసు ఠాణా బోర్డు అయిపోతుంది, కాబట్టి జర మెత్తగా, అనుకుంటూ సంగయ్య నిచ్చెన మీద కాలు మార్చుకున్నాడు, ఎర్ర ఎనామిల్ ఇవాళ చిక్కగా ఉంది, ఎండ ఇంకా చర్చి గోడ దిగలేదు, గేటుకు కట్టిన వెదురు కమాను మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద నిన్న సాయంత్రం సుద్దదారంతో కొట్టిన రెండు గీతలు, ఆ గీతల మధ్య దావీదు కుమారునికి జయం అని రాయాలి, ఏటా మట్టల ఆదివారానికి ఇదే రాత, ఇరవై ఏళ్లుగా తనే రాస్తున్నాడు, జహీరాబాద్‌లో ఇప్పుడు ఫ్లెక్సీలు గంటకొకటి దిగుతున్నా ఈ కమాను మాత్రం పెయింటర్ సంగయ్య చేత్తోనే రాయాలని పాస్టరు అయ్యగారి పట్టుదల, ఇరవై ఏళ్లలో ఒక్కసారీ ఆ మాటల దగ్గర చేయి ఆగలేదు, ఇవాళ ఆగుతోంది, ముందు కుమారుడు అన్న మాట ఉందని తలచుకుని బ్రష్షును మళ్లీ మళ్లీ డబ్బాలో ముంచుతున్నాడు, ఎందుకంటే ఇదే చేత్తో మూడు వారాల కిందట ఒక చిన్న చీటీ మీద కుమార్తె అన్న మాట రాశాడు, కీర్తిశేషులు చందర్ గారి కుమార్తె భార్గవి అని, వరస తప్పకుండా, పొందికగా, తన పేరు ఎక్కడా లేకుండా.

పెళ్లి ప్రకటన చీటీ అది, చర్చిలో పెళ్లి జరగాలంటే ముందు మూడు ఆదివారాలు అందరి ఎదుటా చదవాలి, ఫలానావారి కుమారుడికీ ఫలానావారి కుమార్తెకూ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలుపవలెను అని, రెండు ఆదివారాలు చదివేశారు, ఇవాళ మూడోది, ఇవాళ కూడా అదే చదివితే ఇక ఆ మాటే రిజిస్టరుకెక్కుతుంది, పెళ్లినాడు బిడ్డ చేయి పట్టుకుని నడిపించేది కూడా ఆ పేరు తాలూకు మనిషే, అంటే చందర్ తమ్ముడు బస్వరాజ్, పాపం బస్వరాజ్ చెడ్డవాడేం కాదు, ఇంటికొచ్చి మంచం అంచున కూర్చుని, అన్నా నువ్వు మంచిగనే సాదినవ్, ఎవ్వడు కాదన్నడు, గని పిలగానోళ్లు రాయికోడోళ్లు, వంశం అడుగుతరు, రక్తమైతే మాది గదా, మా అన్న పేరు సదివితే ఇజ్జత్‌గుంటది, మా అమ్మ గూడ సంబురపడ్తది, అన్నాడు, ఆ చివరి మాట దగ్గరే సంగయ్య మెత్తబడిపోయాడు, కొడుకును పోగొట్టుకున్న ముసలిది, చర్చిలో ఒక్కసారి ఆ పేరు వింటే తప్పేముంది, తన పేరు లేకపోతే మునిగిందేముంది, అనుకుని తలూపాడు, తలూపి ఊరుకున్నా బాగుండేది, కాగితం తెచ్చి, పెన్ను సరిగ్గా పడుతోందా లేదా అని మూలన గీసి చూసి మరీ రాసిచ్చాడు, బస్వరాజ్ అటు పోగానే నాగరాణి చాయ్ గ్లాసులు ఎత్తుతూ, పాతికేండ్ల నుంచి చూస్తున్న, నువ్వు మంచోనివి అనుకుంటున్నవు గని కాదు, పిరికోనివి, అని లోపలికి పోయింది, ఆమె అంటే పడవచ్చు, పెళ్లాం మాట పడటం అలవాటే, కాని మొదటి ఆదివారం చీటీ చదివాక భార్గవి చర్చి మెట్ల మీద ఆగి, నాయినా, గది నీ చేతిరాతనే గదా, అంది చూడు, అంతే, ఆ ఒక్క ముక్కే, తర్వాత పదమూడు రోజులు అన్నం పెట్టింది, బీపీ గోలీ చేతిలో పెట్టింది, చొక్కాకు గుండీ కుట్టింది, మాట మాత్రం పెట్టలేదు.

రక్తం వాళ్లదే, అది అబద్ధం కాదు, వ కి గుడి పెట్టి దీర్ఘం తిప్పుతూ అనుకున్నాడు, చందర్ లారీ మీద పావురం బొమ్మ వేసింది తనే, చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన తన రేకుల షెడ్డు అప్పుడు, బొంబాయి పోయే లారీలన్నీ అక్కడే ఆగేవి, పావురానికి తెల్లరంగు ఇంకా తడిగా ఉంది, ఆరనీయన్నా అంటే, గాలికి అదే ఆరుతది తియ్యి, అని నవ్వుతూ బండి ఎక్కాడు చందర్, ఘాట్ రోడ్డులో లోయలో పడ్డ లారీని పైకి లాగినప్పుడు ఆ పావురమొక్కటే చెక్కుచెదరలేదట, ఆ మాట విన్నప్పటి నుంచి సంగయ్య మళ్లీ ఏ లారీకీ పావురం వేయలేదు, మూడు నెలలకు ఒకనాడు పొద్దున ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో దిగింది చందర్ తల్లి ఎంకమ్మ, నోట్లో ఆకువక్క, చంకలో గుడ్డసంచి, వచ్చి రంగుడబ్బా మీద కూర్చుంది, కొడుకా, నా కోడలు నాగరాణి ఇర్వై రెండేండ్ల పిల్ల, కడుపుల నా మనుమడో మనుమరాలో ఉన్నది, గట్లనే ఇంట్ల కూసోబెట్టుకుంటే నా కండ్ల ముంగటే ఎండిపోతది, నువ్వు ఒంటోనివి, తాగుడు లేదు, మారుమనువు చేసుకుంటవా, చేసుకుంటే కడుపుల పిల్లను గూడ చేసుకోవాలె, ఆమెను చేసుకొని పిల్లను నాకు తోలిస్త అంటే నడువదు, అంది, చచ్చిన కొడుకు భార్యకు తనే పెళ్లికొడుకును వెతుక్కుంటూ వచ్చిన అత్త, అప్పుడు సంగయ్యకు ఇరవై తొమ్మిదేళ్లు, ఏం చెప్పాలో తెలియక, చాయ్ అయితే తాగవ్వా, అన్నాడు, ఆమె చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, నువ్వు చాయ్ పోసినవంటే ఒప్పుకున్నట్టే పో, అని తనే ఖాయం చేసేసింది, ఏ కలా రాలేదు తనకు, ఏ దూతా దిగలేదు, ఎంకమ్మ దిగింది షేర్ ఆటోలోంచి, అంతే.

ఆ పుట్టిన పిల్ల బాప్తిస్మం నాడు చూడాలి, అప్పటి అయ్యగారు రిబ్కా అని పేరు నిర్ణయించి వారం రోజులు తనతో వల్లెవేయించాడు, తండ్రి బిడ్డను ఎత్తుకుని ముందుకు రావాలి, బిడ్డ పేరేమి అని అడిగితే గట్టిగా చెప్పాలి, ఇదీ పద్ధతి, ముందురోజు ప్రసాదరావు గారి గిన్నెల దుకాణానికి బోర్డు రాశాడు, కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మనిషి, కూతురి పేరు మీద భార్గవి స్టీల్ సెంటర్ అని, పసుపు మీద నీలం, నీడ కూడా వేశాడు, రాత్రంతా అవే అక్షరాలు కళ్లలో, పొద్దున చర్చి నిండా జనం, చేతుల్లో పిడికెడు పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, బిడ్డ తండ్రీ, పేరు చెప్పు, అన్నాడు అయ్యగారు, తండ్రీ అన్న పిలుపుకే సంగయ్యకు రిబ్కా ఎటు పోయిందో పోయింది, భార్గవి, అన్నాడు, వెనక నుంచి ఎంకమ్మ, ఓరి నీ నోట్ల మన్నుపడ, గిన్నెల దుకాణం పేరు పెడ్తివేందిరా నా మనుమరాలికి, అంది, అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు, కాని ఆ నవ్వులో ఎవరూ చూడనిది సంగయ్య ఒక్కడే చూశాడు, భార్గవి అన్న తన గొంతు వినగానే పిల్ల ఏడుపు ఆపింది, ఆపి, మెడ నిలవని తల అటూ ఇటూ తూలించి, ఈ పిలిచింది ఎవరా అన్నట్టు మొహంలోకి చూసింది, నీళ్లు చల్లినా కళ్లు తిప్పలేదు, అప్పటి నుంచి ఎంకమ్మకు సంగయ్య గిన్నెల దుకాణపోడే, ఇరవై నాలుగేళ్లుగా.

మా, ఇప్పుడు మా రాయాలి, కుమారునికి, నిన్న సాయంత్రం ఈ గీతలు కొడుతూ కావాలనే అడిగాడు, భార్గవి మెట్ల మీద కూర్చుని ఈత మట్టల ముళ్లు కోస్తోంది, పిల్లల చేతులకు గుచ్చుకోకుండా, బస్టాండ్ దగ్గర ల్యాబులో రక్తపరీక్షలు చేసి వచ్చి, బట్టలు కూడా మార్చుకోకుండా, ఆదివారం బడి పిల్లలకు పాఠం చెప్పేది కూడా ఆమే కాబట్టి దేవుడి సంగతి అడిగితే చెప్పక తప్పదు, ఆ ఎరుకతోనే, బిడ్డా దావీదు రాజు ఎప్పటోడు, మన ప్రభువు ఎప్పటోడు, నడుమ వెయ్యేండ్లుంటయంటరు, మరి కొడుకెట్ల అయిండు, అని నిచ్చెన మీది నుంచి ఊరికే అన్నట్టు అన్నాడు, ఆమె కాసేపు కత్తి ఆడించి, కన్నకొడుకు గాదు నాయినా, బిరుదు, అంది, పదమూడు రోజుల తర్వాత నాయినా అన్నది, సంగయ్యకు దారం చేతిలోంచి జారింది, నీ ఇంట్లకెల్లి ఒక రాజు లేస్తడు, ఆయన గద్దెకు అంతముండదు అని దావీదుకు దేవుడు మాటిచ్చిండు, ఇగ అప్పటి నుంచి జనం తొవ్వ చూసుడే, పరాయోళ్లొచ్చి నెత్తిన కూసున్నప్పుడల్లా ఆ కొడుకెప్పుడొస్తడు, ఎప్పుడొస్తడు అని, అందుకే దావీదు కుమారుడా అంటే, మేం ఎదురుచూసిన రాజువి నువ్వే అన్నట్టు, గుర్రమెక్కి వస్తడనుకున్నరు, గాడిదెక్కి వచ్చిండు, అంది, మరి ఆ వంశం ఎవరి దిక్కుకెల్లి బిడ్డా, తల్లి దిక్కా తండ్రి దిక్కా, అన్నాడు, ఆమె కత్తి ఆగింది, తాతలు ముత్తాతల పేర్లన్నీ వరుసగా చెప్పుకుంట వచ్చి తల్లిని పెండ్లి చేసుకున్న యోసేపు దగ్గర ఆపిన్రు, అంది, యోసేపు కన్నతండ్రి గాదు గదా, అన్నాడు, గాదు, అంది, మరెట్ల, అన్నాడు, అట్లనే, అని భార్గవి తలెత్తి చూసింది, ఇంకోటి చెప్త విను, కడుపుల బిడ్డ తనది గాదని ఆ వడ్లాయన యోసేపు పరేషాన్ల పండుకుంటే కలలకు దూత వచ్చి ఏమని పిల్చిండో ఎరుకనా, దావీదు కుమారుడా జంకకు అన్నడు, రాజుకంటే ముందు ఆ బిరుదు చెక్కలు కోసుకునేటోనికి పెట్టి పిల్చిండు, ఎందుకంటే ఆయన తన ఇంటి తలుపు తీసి నా కొడుకే అని పేరు పెడితేనే ఆ పిల్లగానికి ఆ వంశం వస్తది, మరి ఆయన గూడ, నాదేమున్నది, రక్తం నాది గాదు, చీటీ మీద ఇంకెవరి పేరన్న రాసుకోన్రి అని ముత్యాల్లెక్క రాసిస్తే ఏమైతుండె, రాసియ్యలేదు నాయినా ఆయన, అని, మట్టల కట్ట ఎత్తుకుని విసవిసా లోపలికి పోయింది, ముల్లు ఆమె కోస్తే ఇక్కడ గుచ్చుకుంది.

నిచ్చెన దిగేసరికి జనం చేరిపోయారు, పిల్లలు మట్టలు ఊపుతూ అరుస్తున్నారు, జయం జయం, ఒక మట్ట తగిలి తడి అక్షరం చెదురుతుందేమోనని సంగయ్య చేతులడ్డం పెట్టాడు, ఆటోలోంచి దిగింది ఎంకమ్మ, మోకాళ్ల నొప్పులతో రెండు వారాలు రాలేదు, ఎనభై దాటాయి, చూపు మసక, కమాను కింద ఆగి తలెత్తి, ఏం రాసినవ్‌రా ఎర్రగ, అంది, దావీదు కుమారునికి జయం అని అవ్వా, అన్నాడు, మంచిగున్నది, మరి నా మనుమరాలి చీటీ మీద ఏం రాసినవ్, అంది, నీ కొడుకు పేరే అవ్వా, నీకు సంబురమని, అన్నాడు సంగయ్య, ఆమె ఎర్రరంగు అంటిన అతని చేయి పట్టుకుని మెట్లెక్కింది, లోపల ఆడవాళ్ల వైపు చాప మీద కూలబడింది, గిన్నెల దుకాణపోడా అన్న పిలుపు కూడా ఇవాళ రాలేదు, ముసలితనం అనుకున్నాడు, మగవాళ్ల వైపు చివరి వరసలో కూర్చుని గోళ్ల సందుల్లో రంగు గీక్కుంటూ ఉండగా పాట అయింది, ప్రార్థన అయింది, అయ్యగారు కళ్లద్దాలు పెట్టుకుని చీటీ తీశాడు, తన అక్షరాలు ఇంత దూరం నుంచి కూడా తెలిసిపోతున్నాయి, మూడవ మరియు చివరి ప్రకటన, రాయికోడ్ వాస్తవ్యులు రామ్‌కిషన్ గారి కుమారుడు వికాస్‌కూ, కీర్తిశేషులు చందర్ గారి కుమార్తె భార్గవికీ, అభ్యంతరం ఉన్నవారు తెలుపవలెను, అని, ఎవరికీ ఏమీ ఉండదన్న ధీమాతో అయ్యగారు చీటీ మడుస్తుండగా ఆడవాళ్ల వైపు నుంచి, ఉన్నది, అని వినిపించింది.

ఎంకమ్మ లేస్తోంది, ఒక చేయి నేల మీద, ఒక చేయి నాగరాణి భుజం మీద, అయ్యగారూ నాకున్నది అభ్యంతరం, అంది, ఇన్నేళ్లలో ఎవరూ లేచి ఆ మాట అనగా సంగయ్య చూడలేదు, వికాస్ మొహం సున్నం కొట్టినట్టయింది, రామ్‌కిషన్ సగం లేచాడు, బస్వరాజ్ కంగారుగా, అమ్మా కూసో, గిది ఊర్కె అడిగేది, అన్నాడు, నువ్వు కూసోర, నిన్ను గూడ మోసిన కడుపే ఇది, అంది ఎంకమ్మ, రామ్‌కిషన్ గారూ మీరు ఫికర్ చేయకున్రి, మీ పిలగాడు బంగారం, నా అభ్యంతరం పెండ్లి మీద గాదు, చీటీ మీద, చందర్ నా కొడుకు, పొద్దుగాల కండ్లు తెరిస్తే గదే పేరు నా నోట్ల, గది నాకు ఎవ్వరు సదివి వినిపియ్యక్కర లేదు, గని వాడు గీ పిల్ల మొఖం చూడకుంట పోయిండు, బతికుంటే దీన్ని భుజానేసుకొని దవాఖానకు ఉరుకుతుండె, బతికి లేడు, ఉరికినోడు ఆడ వెనక కూసున్నడు, చేతులకు ఎర్ర రంగు పూసుకొని దొంగ లెక్క, నా కొడుకును గూడ సదువున్రి, వద్దంటలే, గని ఈ గిన్నెల దుకాణపోన్ని ఇడిచిపెట్టి సదివితే దేవుని గుడిల అబద్ధం సదివినట్టే, ఎవరో ఫక్కుమన్నారు, ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్నారు, రామ్‌కిషన్ మెల్లగా కూర్చుంటూ, గింతేనా, పానం పోయింది గదమ్మా, అని చెమట తుడుచుకున్నాడు, అయ్యగారు నవ్వాపుకుంటూ చీటీ విప్పి, జేబులోంచి పెన్ను తీసి, వెనక వరస వైపు చూసి, సంగయ్యా లే, నువ్వే చెప్పు, బిడ్డ తండ్రి పేరేమి, అన్నాడు.

లేచాడు, ఇరవై నాలుగేళ్ల కిందటి ఆదివారమే ఇది, అప్పుడు బిడ్డ పేరు అడిగారు, ఇప్పుడు తండ్రి పేరు, అప్పటిలాగే చివరగా రాసిన బోర్డే కళ్ల ముందు నిలబడింది, ఎర్ర అక్షరాలు, తడి, దావీదు కుమారునికి, ఇప్పుడు నోరు జారి అదే అంటే ఎంకమ్మ ఊరుకోదు, నవ్వొచ్చింది, నవ్వులోనే కిటికీ అవతలి గోడ కనబడింది, పోయినేడు ఆదివారం బడి గోడ మీద తను వేసిన గుడ్డి బిచ్చగాడి బొమ్మ, దారి పక్కన కూర్చుని దావీదు కుమారుడా అని గొంతు చించుకుంటున్నవాడు, చుట్టూ జనం నోరు మూసుకోమంటుంటే ఇంకా గట్టిగా అరిచినవాడు, ఆ అరుపు విని రాజు ఆగినట్టు వేశాడు, ఒక కాలు ముందుకు వేసి, తల వెనక్కి తిప్పి, ఆ తల తిప్పడం కుదరక మూడుసార్లు చెరిపి వేశాడు, ఎందుకు ఆగినట్టు ఆయన, ఆ బిరుదు వడ్లాయన ఇంటి నుంచి వచ్చింది, రక్తం లెక్క తీస్తే ఆ వడ్లాయనకూ ఆయనకూ ఏమీ లేదు, అది నా పేరు కాదు, యోసేపు నాకేమీ కాడు, అని సాగిపోవచ్చు, పోలేదు, బిచ్చగాడి నోట వచ్చినా సరే అది తనదే అన్నట్టు ఆగాడు, తిరిగి చూశాడు, వడ్లాయన అప్పటికి ఉన్నాడో పోయాడో, కాని ఆయన ఇచ్చిన పేరు మీదే నిలబడి ఆ కొడుకు పలికాడు, అంతటి రాజు సిగ్గుపడలేదు, మరి నేనెందుకు దాక్కున్నాను, గొప్పతనం అనుకుని నా పేరు నేను తుడిచేసుకున్నాననుకున్నాను, తుడిచింది నా పేరును కాదు, ఇన్నేళ్లూ నేను పిలిచిన ప్రతిసారీ నాయినా అని పలికిన ఆ పిల్ల పలుకును, అనుకుని తలెత్తి, సంగయ్య, అన్నాడు, సంగయ్య అయ్యగారూ, చందర్ పేరు గూడ ఉంచున్రి, దాని పక్కన నా పేరు రాయున్రి, నేనే తండ్రిని, గిన్నెల దుకాణం భార్గవికి, అన్నాడు, ఆడవాళ్ల వైపు కొంగులో మొహం దాచుకుని ఏడుస్తున్న భార్గవి ఆ గొంతుకు ఏడుపు ఆపింది, ఆపి, తల తిప్పి, వెనక వరసలోకి చూసింది, ఆ చూపు సంగయ్యకు కొత్త కాదు, భార్గవి అన్న పేరు పెట్టింది తనే, కాని దాన్ని ఇన్నాళ్లూ నిలబెట్టింది, పిలిస్తే ఇలా తిరిగి చూసే ఆ తల.